డైనమో మార్చినంత మాత్రాన చీకటి పోదు

పాత లారీల కరెంటు కష్టాలకు అందరూ చెప్పే మందు పెద్ద ఆల్టర్నేటరు. అసలు రోగం మాత్రం చాలాసార్లు తీగల్లో, ఎర్తులో, అతుకుల్లో ఉంటుంది

శృంగవరపుకోట దాటాక బొడ్డవర దగ్గర కొండ మొదలవుతుంది. అక్కడి నుంచి టైడా, అనంతగిరి మీదుగా సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయ దాకా రోడ్డు మలుపు మీద మలుపు తిరుగుతూ ఎక్కుతుంది. రాత్రి పదకొండు దాటింది. ముసురు పట్టింది. సిమెంటు లోడుతో పాత లారీ ఒకటి రెండో గేరులో మూలుగుతూ పోతోంది. వైపర్లు ఆడుతున్నాయి. క్యాబిన్లో బుల్లి ఫ్యాను తిరుగుతోంది, డెక్కులో ఘంటసాల పాడుతున్నాడు. మలుపు అవతల బస్సు హారన్ వినబడగానే డ్రైవరు కాలు బ్రేకు మీదికి మారింది. ఇంజను వేగం పడిపోయింది. దాంతోపాటే హెడ్‌లైట్లూ కుంగాయి. తెల్లటి వెలుగు పసుపై, ఆ పసుపూ ఎర్రబారింది. "ఏట్రా, లైట్లు ఇలాగైపోతన్నాయి?" అని డ్రైవరు. "రేజు చెయ్యి గురూ, ఎలుగు వచ్చేస్తాది" అని క్లీనరు. రేజు చేస్తే వెలుగు రావడం నిజమే. ఒకపక్క లోయ, ఎదురుగా బస్సు ఉండగా మలుపులో రేజు చేయడమే కుదరని పని.

పాత బండ్ల మీద బతికే ఉత్తరాంధ్ర డ్రైవర్లకు ఇలాంటి రాత్రులు కొత్తేమీ కావు. వేగం తగ్గించిన మలుపులో, ఆగిన జంక్షన్లో, కదలని జాములో డ్రైవరుకు చూపు ఎక్కువ కావాలి. సరిగ్గా అక్కడే పాత ఛార్జింగ్ వ్యవస్థ తక్కువ కరెంటు ఇస్తుంది. దీనికి షెడ్లలో వినిపించే మొదటి సలహా, "పెద్ద ఆల్టర్నేటరు వేసెయ్" అని. ఆ సలహాలో తప్పు లేదు, వరసలోనే ఉంది తప్పు. బండి ఎంత కరెంటు తాగుతోందో లెక్క కట్టకుండా, ఆ కరెంటు నడిచే తీగలనూ ఎర్తునూ చూడకుండా యంత్రం ఒక్కటీ మారిస్తే, డబ్బు ఖర్చయినా చీకటి పోదు. ఒక్కోసారి నిప్పు కూడా పుడుతుంది. ఆల్టర్నేటరు మార్పు ఈ మరమ్మతులో చివరి మెట్టుగా ఉండాలన్నదే ఈ కథనం వాదన.

వయసు మీద పడిన భారం

ఈ చర్చ ఇప్పుడు ఎందుకంటే, పాత లారీ ఉంచుకోవాలా వదిలించుకోవాలా అన్నది ప్రతి చిన్న యజమానికీ ఎదురవుతున్న ప్రశ్న. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనం ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడాలి. 2025 నవంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఆ పరీక్ష రుసుములను సవరించి, 20 ఏళ్లు పైబడిన భారీ లారీకి 25 వేల రూపాయలుగా నిర్ణయించింది. లారీ యజమానుల సంఘాలు నిరసనకు దిగాయి. మరోవైపు, ఇన్‌స్పెక్టరు కంటిచూపుతో జరిగే పరీక్షల స్థానంలో ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు వస్తున్నాయి. అక్కడ బ్రేకుతోపాటు హెడ్‌లైటునూ యంత్రమే పరీక్షిస్తుంది. మసక దీపంతో, మాటతో గట్టెక్కే రోజులు పోతున్నాయి. ఇంతకాలం "నడుస్తోంది కదా" అని వదిలేసిన వైరింగుకు ఇప్పుడు రూపాయల్లో ధర పడింది.

ఉమ్మడి విజయనగరం జిల్లాలో లారీల ఊరు అనగానే గుర్తొచ్చేది సాలూరు. 2022 ఏప్రిల్లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా ఆ పేరు పోలేదు. విశాఖ తీరానికీ, ఒడిశా మీదుగా ఛత్తీస్‌గఢ్‌కూ నడుమ సరుకు మోసే దారి మీద ఉండటంతో లారీలు, బాడీ కట్టే షెడ్లు, మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు ఒకరిని పట్టుకుని ఒకరు అక్కడ పెరిగారు. శ్రీకాకుళం వైపు టెక్కలి గ్రానైటు, పలాస జీడిపప్పు, ఉద్దానం కొబ్బరి, విజయనగరం వైపు నెల్లిమర్ల జనపనార, గరివిడి ఫెర్రో అల్లాయ్స్ లారీలకు పని ఇచ్చాయి. అయితే మామూలు లారీకి 12 ఏళ్లు, మల్టీ యాక్సిల్ బండికి 15 ఏళ్లు దాటితే నేషనల్ పర్మిట్ ఉండదు. అలా దూరపు దారి మూసుకుపోయిన బండి ఇటుకలకు, ధాన్యానికి, ఇసుకకు, సిమెంటుకు, అంటే చుట్టుపక్కల తిరుగుడుకు దిగుతుంది. కిరాయి తక్కువ, ఆగడాలు ఎక్కువ, రాత్రి పని ఎక్కువ. బ్యాటరీని, ఛార్జింగును ఎక్కువగా పీడించేదీ ఇలాంటి తిరుగుడే.

మరి పాతదనానికే విలువ ఇచ్చే వింటేజి చట్టం ఉంది కదా అనొచ్చు. 2021 జులైలో కేంద్రం వింటేజి వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న ద్విచక్ర వాహనాలకు, కార్లకు అవి వర్తిస్తాయి. సరుకు మోసే బండి ఆ నిర్వచనంలో లేదు. కాబట్టి పాత లారీకి గౌరవంగా రిటైరయ్యే దారి లేదు. ఫిట్‌నెస్ తెచ్చుకుని పని చేయాలి, లేదా పాత ఇనుముకు పోవాలి. అందుకే దాని కరెంటు సమస్యను ముచ్చటగా కాకుండా బతుకు లెక్కగా చూడాల్సి వస్తోంది.

■ బాక్స్: దారిలో మైలురాళ్లు

● 1954: టాటా – మెర్సిడెస్ బెంజ్ కూటమి తొలి లారీ జంషెడ్‌పూర్ నుంచి బయటికొచ్చింది.
● 1955: 1948లో పుట్టిన అశోక్ మోటార్స్, అశోక్ లేలాండ్‌గా మారింది.
● 1960: అమెరికాలో క్రిస్లర్ సంస్థ వాలియంట్ కారుకు డైనమో బదులు ఆల్టర్నేటరు బిగించి అమ్మింది.
● 1961: డైనమోలు, సెల్ఫ్ మోటార్లు మన దగ్గరే తయారుచేసేందుకు మద్రాసు పాడిలో లూకాస్ – టీవీఎస్ ఏర్పడింది.
● 2025 అక్టోబరు 1: ఈ తేదీ నుంచి తయారయ్యే మధ్యస్థ, భారీ లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి.

పాత యంత్రం గుణం

డైనమోలో కరెంటు పుట్టేది తిరిగే ఆర్మేచర్లో. ఆ మొత్తం కరెంటునూ కమ్యుటేటరు మీద రాసుకునే కార్బన్ బ్రష్షులు బయటికి తేవాలి. మరీ వేగంగా తిప్పితే చుట్లు చెదురుతాయి, బ్రష్షులు మాడతాయి. అందుకే దానికి పెద్ద పుల్లీ వేసి నెమ్మదిగా తిప్పేవారు. ఆ నెమ్మదే దాని శాపం. ఇంజను ఐడిలింగులో ఉంటే డైనమో ఓల్టేజీ బ్యాటరీ ఓల్టేజీని అందుకోలేదు. బ్యాటరీ కరెంటు వెనక్కి పారకుండా కటౌట్ తెగుతుంది. ఇక దీపాలన్నీ బ్యాటరీ మీదే. అప్పట్లో బ్రిటిష్ వాహనాల్లో విరివిగా కనిపించిన లూకాస్ డైనమో ఒకటి గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు. రెండు హెడ్‌లైట్లు, నాలుగు చిన్న దీపాలు, ఒక హారన్ ఉన్న కాలానికి అది చాలింది.

ఆల్టర్నేటరు ఈ లెక్కను తిరగేసింది. కరెంటు పుట్టే చుట్లు కదలకుండా బయట ఉంటాయి. లోపల తిరిగే రోటరుకు అయస్కాంత బలం ఇవ్వడానికి కొద్ది ఆంపియర్లు అందితే చాలు, కాబట్టి బ్రష్షుల మీద భారం లేదు. చిన్న పుల్లీ వేసి వేగంగా తిప్పొచ్చు. పుట్టిన ఏసీని సిలికాన్ డయోడ్లు డీసీగా మారుస్తాయి. ఆ డయోడ్లు చవకయ్యాకే ఈ యంత్రం వాహనాల్లోకి వచ్చింది. ఐడిలింగులోనూ అంతో ఇంతో ఛార్జింగ్ ఇవ్వడం దీని అసలు గొప్ప. పైగా కటౌట్ అక్కర్లేదు, ఎందుకంటే డయోడ్లే కరెంటును వెనక్కి పోనివ్వవు. అయితే ఇప్పుడు రోడ్డు మీద ఉన్న పాత లారీల్లో చాలావాటికి డైనమో లేదు. తొలితరం చిన్న ఆల్టర్నేటరు ఉంది. దానికీ మలుపులో మసకే. సమస్య డైనమో ఒక్కదానిదే అయితే ఈ బండ్లలో కనిపించకూడదు కదా! అసలు దోషి వేరే ఉందనడానికి ఇదే మొదటి సాక్ష్యం.

కరెంటు ఎక్కడ తప్పిపోతోంది?

లారీ కరెంటుకు రెండు దారులు కావాలి. బ్యాటరీ ప్లస్సు నుంచి తీగ గుండా బల్బు దాకా పోయేది ఒకటి. బల్బు నుంచి క్యాబిన్ రేకు, ఛాసిస్ మీదుగా బ్యాటరీ మైనస్సుకు తిరిగొచ్చేది ఇంకొకటి. మొదటిదాన్ని అందరూ చూస్తారు. రెండోది, అంటే ఎర్తు, కంటికి కనిపించదు కాబట్టి ఎవరికీ గుర్తు రాదు. ఉమ్మడి శ్రీకాకుళం తీరం 193 కిలోమీటర్లు. ఉప్పుగాలి, చెమ్మ కలిసి ఎర్తు బోల్టు కింద తుప్పు పట్టిస్తాయి, రాగి తీగ చివర పచ్చటి చిలుము పట్టిస్తాయి. ఆ పొర కరెంటును పూర్తిగా ఆపదు, సగం ఆపుతుంది. ఒక దీపం వెలిగిస్తే ఇంకో దీపం మసకబారడం, ఇండికేటరు వేస్తే టెయిల్ లైటు కూడా మిణుకుమనడం చెడ్డ ఎర్తుకు ఆనవాళ్లు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ లాంటి తుపాన్లకు బండి నీట నానితే, తడి తీగ తొడుగు లోపలికి చేరుతుంది. పైకి ఆరినట్టే ఉన్న బండిలో నెలల తరవాత లోపం బయటపడుతుంది.

అంకెల్లో చూస్తే విషయం ఇంకా తేటగా తెలుస్తుంది. పాత లారీలో హెడ్‌లైటు కరెంటు ఆమీటరు, లైటు స్విచ్చి, డిమ్ స్విచ్చి, మధ్యలో నాలుగైదు అతుకులు దాటి బల్బుకు చేరుతుంది. ఇవన్నీ కలిసి 0.13 ఓముల నిరోధం పెట్టాయనుకుందాం. రెండు హెడ్‌లైట్లకూ కలిపి 9 ఆంపియర్లు పారితే దారిలోనే 1.2 ఓల్టులు పోతాయి. 12లో 1.2 అంటే పదోవంతే కదా అనిపిస్తుంది. కానీ మామూలు బల్బు వెలుగు ఓల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకన్నా చాలా వేగంగా పడిపోతుంది. ఓల్టేజీ పదోవంతు తగ్గితే వెలుగు దాదాపు మూడోవంతు పోతుంది. ఆల్టర్నేటరు కొత్తదైనా పాతదైనా ఈ మూడోవంతు తిరిగి రాదు. వంశధార కాలువకు దారిలో గండ్లుంటే గొట్టా బ్యారేజీ దగ్గర గేటు ఎంత ఎత్తినా శివారు మడి తడవదు. పాత వైరింగు మీద పెద్ద ఆల్టర్నేటరు సంగతీ అంతే.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. హెడ్‌లైట్లకు రిలే పెట్టి, బ్యాటరీ వైపు నుంచి ఫ్యూజు గుండా నేరుగా లావు తీగ లాగితే స్విచ్చిల మీద భారం పోతుంది, వెలుగు నిలబడుతుంది. ఎర్తు బోల్టులు విప్పి, రేకు మెరిసేదాకా గీకి, ఇంజను నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి క్యాబిన్‌కు కొత్త ఎర్తు పట్టీలు బిగిస్తే సగం దయ్యాలు వదులుతాయి. పళ్లతో తొడుగు ఒలిచి, మెలేసి, టేపు చుట్టిన అతుకులన్నీ తీసేసి లగ్గులు వేయించాలి. ఈ పనులకు పట్టే వస్తువులన్నీ ఏ ఆటో ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతాయి. కావాల్సింది ఓపిక, ఓ మల్టీమీటరు.

■ బాక్స్: మీ బండి ఎంత తాగుతోంది?

12 ఓల్టుల లారీ, వానరాత్రి లెక్క:

● హెడ్‌లైట్లు (55 వాట్లవి రెండు) – 110 వాట్లు
● పార్కింగ్, టెయిల్, నంబరు ప్లేటు, క్యాబిన్ నెత్తి దీపాలు (5 వాట్లవి పది) – 50 వాట్లు
● వైపర్ మోటారు – సుమారు 50 వాట్లు
● క్యాబిన్ ఫ్యాన్లు రెండు – సుమారు 40 వాట్లు
● డెక్కు, ఫోన్ ఛార్జర్లు – సుమారు 50 వాట్లు

మొత్తం 300 వాట్లు, అంటే 25 ఆంపియర్లు. 22 ఆంపియర్ల డైనమోకు ఇక్కడే ఊపిరి ఆగింది. దీనికి 100 వాట్ల అదనపు లైట్లు రెండు తగిలిస్తే 500 వాట్లు, దాదాపు 42 ఆంపియర్లు. బ్యాటరీ నిండడానికి కావాల్సింది దీనికి అదనం. 24 ఓల్టుల బండిలో ఇదే భారానికి ఆంపియర్లు సగమే. చిన్న దీపాలు పదింటినీ ఒక్కో వాటు ఎల్‌ఈడీలుగా మారిస్తే 40 వాట్లు మిగులుతాయి.

పెద్దది పెడితే పోలా?

"ఇంత తంటా ఎందుకు, 60 బదులు 120 ఆంపియర్లది పెట్టేస్తే సరి" అనేవారున్నారు. "అంత పెద్దది పెడితే బల్బులన్నీ మాడిపోతాయి" అని భయపడేవారూ ఉన్నారు. రెండో భయం ఉత్తదే. ఆల్టర్నేటరు కరెంటును తోయదు, పరికరం లాక్కున్నంతే ఇస్తుంది. బల్బు మాడేది ఆంపియర్లు ఎక్కువై కాదు, రెగ్యులేటరు చెడి ఓల్టేజీ పెరిగి. మొదటి వాదనకు మాత్రం జాగ్రత్తగా బదులు చెప్పాలి. బాగా దిగిపోయిన బ్యాటరీ ఛార్జింగ్ మొదలైన కాసేపు వీలైనంత కరెంటు లాగుతుంది. అప్పుడు పెద్ద ఆల్టర్నేటరు తన సత్తా అంతా చూపుతుంది. ఆ ప్రవాహం నడవాల్సింది డైనమో కాలపు సన్నటి తీగలో.

ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీకి 5 మీటర్ల తీగ ఉందనుకుందాం. అది 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయితే 40 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.86 ఓల్టులు దారిలోనే పోతాయి, 34 వాట్లు వేడిగా మారతాయి. ఒక హెడ్‌లైటు తాగే కరెంటులో సగానికి పైగా తీగను కాల్చడానికే ఖర్చవుతోందన్న మాట. అదే దూరానికి 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 0.22 ఓల్టులకు దిగుతుంది. డ్యాష్‌బోర్డులోని పాత ఆమీటరు ఇంకో ముప్పు. 30 ఆంపియర్ల దాకా చూపేలా చేసిన ఆ మీటరు గుండా బండి కరెంటంతా పారుతుంది. 60 ఆంపియర్ల యంత్రం పెట్టి దాన్ని అలాగే ఉంచితే డ్యాష్‌బోర్డు వెనక పొయ్యి పెట్టినట్టే. దాన్ని దారిలోంచి తప్పించి ఓల్టు మీటరు పెట్టుకోవాలి. కొత్త తీగకు బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు కొలతను తీగ మందాన్ని బట్టే నిర్ణయించాలి. ఫ్యూజు పోయినప్పుడల్లా రాగిపోగు చుట్టేవాడు ఫ్యూజు తీసేసి తీగనే ఫ్యూజుగా మారుస్తున్నాడు. తరవాత కాలేది ఆ తీగే, దాంతోపాటు క్యాబిన్.

యంత్రం కొలత ఎంచడానికీ ఓ పద్ధతుంది. ఐడిలింగులో ఆల్టర్నేటరు తన పేరుమీది ఆంపియర్లలో సగమో, ఇంకా తక్కువో ఇస్తుంది. అందుకే భారం లెక్క వేసి దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఎంచుకోవాలి. 42 ఆంపియర్ల భారానికి 60 – 65 ఆంపియర్లది చాలు. పుల్లీ నిష్పత్తి అంతకన్నా ముఖ్యం. లారీ డీజిల్ ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది. పెట్రోలు కారు ఆల్టర్నేటరును దాని పుల్లీతోనే తెచ్చి బిగిస్తే, మలుపులో మళ్లీ అదే మసక. బెల్టు ఒకే గీతలో నడవాలి, బిగువు సరిగ్గా ఉండాలి. వదులైతే జారుతుంది, మరీ బిగిస్తే బేరింగు తింటుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు ఇంకొకటుంది. కొన్ని డీజిల్ బండ్లలో, ముఖ్యంగా చిన్న లారీల్లో, ఆల్టర్నేటరు వెనకే వాక్యూమ్ పంపు ఉంటుంది. బ్రేకు బూస్టరుకు బలం ఇచ్చేది ఆ పంపే. దాన్ని చూసుకోకుండా వేరే ఆల్టర్నేటరు బిగిస్తే వెలుగు పెరుగుతుంది, బ్రేకు గట్టిపడిపోతుంది. పాత బ్రిటిష్ బండ్లలో కొన్నిటికి బ్యాటరీ ప్లస్సే ఛాసిస్‌కు ఎర్తుగా ఉండేది. అలాంటివాటిలో ధ్రువాలు మార్చకుండా ఆల్టర్నేటరు కలిపితే డయోడ్లు క్షణంలో పోతాయి.

■ బాక్స్: మీటరు చెప్పే నిజాలు

● ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ దగ్గర 12.6 ఉంటే నిండు, 12.2 అయితే సగం, 12 కిందికి దిగితే ఖాళీకి దగ్గర.
● ఇంజను నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 24 ఓల్టుల బండికి ఇవన్నీ రెట్టింపు.
● 15 దాటితే రెగ్యులేటరు పోయినట్టే. బ్యాటరీ నీళ్లు ఆవిరవుతాయి, బల్బులు వరసగా మాడతాయి.
● లైట్లన్నీ వేసి, ఆల్టర్నేటరు బోల్టుకూ బ్యాటరీ ప్లస్సుకూ మధ్య కొలిస్తే 0.3 దాటకూడదు. ఇంజను దిమ్మకూ బ్యాటరీ మైనస్సుకూ మధ్య 0.2 దాటితే ఎర్తు చెడింది.
● కొన్ని రకాల్లో డ్యాష్‌బోర్డులోని ఎర్ర ఛార్జింగ్ దీపం మాడిపోతే ఆల్టర్నేటరు అసలు మొదలే కాదు. యంత్రం విప్పే ముందు ఆ బల్బు చూడండి.

చేత్తో బాగయ్యే యంత్రమే మేలు కదా?

పాతకాపులు వేసే ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. డైనమో ఎక్కడ ఆగినా రోడ్డు పక్క షెడ్డులో విప్పి, కమ్యుటేటరు ఉప్పుకాగితంతో తుడిచి, బ్రష్షులు మార్చి, అవసరమైతే ఆర్మేచరు తిరిగి చుట్టి ఇచ్చేవారు. ఆల్టర్నేటరు డయోడ్ ప్లేటు పోతే, రెగ్యులేటరు పోతే కొత్త ముక్క కావాలి. పల్లెలో అది దొరకదు. భారం తక్కువున్న బండికి, పగలు మాత్రమే తిరిగే బండికి బాగున్న డైనమోను తీసేయాల్సిన పనే లేదు. దాని కటౌట్, బ్రష్షులు, తీగలు సరిచేసి ఉంచుకోవడమే తెలివి. కానీ రాత్రి తిరిగే బండికి ఈ వాదన నిలవదు. సులువుగా బాగయ్యే యంత్రం తరచూ చెడుతూ ఉంటే ఆ సులువు వల్ల లాభం తక్కువ. ఆల్టర్నేటర్లో అరిగేవి బ్రష్షులు, బేరింగులే. వాటిని ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ మారుస్తున్నారు.

పాత అలవాట్లతో కొత్త యంత్రాన్ని ముట్టుకోవడమే అసలు చిక్కు. డైనమో రోజుల్లో ఛార్జింగ్ వస్తోందో లేదో చూడటానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూసేవారు. ఆల్టర్నేటరుతో అలా చేస్తే ఓల్టేజీ ఒక్కసారిగా ఎగిసి డయోడ్లను, రెగ్యులేటరును చంపేస్తుంది. సాలూరు లాంటి బాడీ షెడ్ల ఊళ్లలో ఇంకో ముప్పుంది, అది వెల్డింగు. ఛాసిస్ మీద ఆర్క్ వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ, ఆల్టర్నేటరు తీగలు విప్పి పక్కన పెట్టాలి. విప్పకపోతే ఆ కరెంటు డయోడ్ల గుండా దారి వెతుక్కుంటుంది. బాడీ పని అయ్యాక వారానికే ఆల్టర్నేటరు పోతే నింద యంత్రం మీద పడుతుంది. ఐటీఐల్లో ఆటో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ట్రేడు ఉంది. షెడ్లలో గురువు దగ్గర చూసి నేర్చుకున్న పనితనం ఉంది. ఈ రెండూ కలిసే కొద్దిరోజుల శిక్షణను రవాణా శాఖ, లారీ సంఘాలు కలిసి ఏర్పాటు చేస్తే ఇలాంటి నష్టాలు చాలావరకు ఆగుతాయి.

చట్టం అడ్డొస్తుందా?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. ఆ తీర్పు చూపించి ఆల్టర్నేటరు మార్చడమే నేరమని బెదిరించేవారున్నారు. ఆర్‌సీలో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, బాడీ రకం, బరువు లాంటివి ఉంటాయి గానీ ఆల్టర్నేటరు ఆంపియర్లు ఉండవు. కాబట్టి సరైన కొలత యంత్రంతో, సరైన తీగతో చేసిన మరమ్మతు ఒక సంగతి, అడ్డదిడ్డమైన అలంకారం ఇంకో సంగతి. రకరకాల రాగాలు తీసే హారన్లను కేంద్ర మోటారు వాహనాల నియమం 119 ఎప్పటి నుంచో నిషేధించింది. ఎదుటివారి కళ్లు చెదరగొట్టే అదనపు లైట్లదీ ఇదే కథ. ఇక్కడ చట్టమూ ఎలక్ట్రీషియనూ చెప్పేది ఒకటే. ముందు అక్కర్లేని భారం దించండి. 100 వాట్ల అదనపు లైట్లు రెండూ తీసేస్తే, పై లెక్కలో 42 ఆంపియర్లు 25కి దిగొస్తాయి. చాలా బండ్లకు అప్పుడు పెద్ద ఆల్టర్నేటరు అవసరమే ఉండదు.

ఖర్చు ఒకరిది, ప్రమాదం ఇంకొకరిది

"రేపో మాపో తుక్కుకు పోయే బండికి ఇంత దేనికి?" అన్నది చివరి ప్రశ్న, అన్నిటికన్నా బరువైనది. ఛాసిస్ పగిలిన, బ్రేకు నిలవని బండికి కొత్త వైరింగు వేయడం దండగ. అలాంటిది తుక్కుకే పోవాలి. కానీ ఇంజను, బ్రేకులు, ఛాసిస్ బాగుండి కరెంటు ఒక్కటే చెడిన బండి సంగతి వేరు. కొత్త లారీ అంటే లక్షల అప్పు, నెలనెలా కిస్తీ. ఒక్క బండితో బతికే యజమానికి అది అందే కొమ్మ కాదు. కరెంటు మరమ్మతు ఖర్చు ఆ కిస్తీల ముందు చిన్నది. పైగా రుసుము 25 వేలు కట్టి, యంత్రం ముందు హెడ్‌లైటు తప్పితే ఆ దెబ్బ ఇంకా పెద్దది.

ఇందులో మరో మనిషి ఉన్నాడు. వైరింగుకు డబ్బు పెట్టాల్సింది యజమాని. దాని లోపాన్ని రాత్రంతా మోసేది డ్రైవరు, క్లీనరు. రాత్రి జాతీయ రహదారి పక్కన ఆగిన లారీకి టెయిల్ లైటు వెలగకపోతే వెనక నుంచి వచ్చే బైకు మీది మనిషి కూడా ఈ లెక్కలోకి వస్తాడు. బ్యాటరీ దిగిపోతుందనే భయంతో ఆగిన చోట లైట్లన్నీ ఆపేసే అలవాటు పాత బండ్ల డ్రైవర్లకు ఉంది. వాళ్లను తిట్టి లాభం లేదు. లైట్లు వేసి ఉంచితే పొద్దున బండి సెల్ఫ్ అందుకోదు, నెట్టడానికి మనుషుల్ని పిలవాలి. అంటే చెడిన ఛార్జింగ్ వ్యవస్థ డ్రైవరుకు రెండు తప్పుల మధ్య ఒకటి ఎంచుకోమంటోంది. కొత్త లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేసిన కాలంలో, పాత లారీ డ్రైవరుకు ఒక ఫ్యాను, నమ్మకంగా వెలిగే టెయిల్ లైటు అడగడం అత్యాశ కాదు.

కాబట్టి వరస ఇదీ: ముందు భారం లెక్క కట్టి అక్కర్లేనిది దించాలి. తరవాత ఎర్తు, అతుకులు, తీగలు, ఫ్యూజులు సరిచేయాలి, హెడ్‌లైట్లకు రిలేలు పెట్టాలి. బ్యాటరీని కొలవాలి. ఇవన్నీ అయ్యాక కూడా ఐడిలింగులో ఓల్టేజీ నిలవకపోతే, అప్పుడు లెక్కకు సరిపడా ఆల్టర్నేటరు, దానికి తగ్గ పుల్లీ, తగ్గ తీగ వేయాలి. ప్రభుత్వం చేయాల్సిందీ ఒకటుంది. టెస్టింగ్ స్టేషన్ ఇచ్చే కాగితంలో "పాస్", "ఫెయిల్" అన్న మాటలతో సరిపెట్టకుండా బ్యాటరీ, ఛార్జింగ్ ఓల్టేజీ, ఎర్తు కొలతలు కూడా అంకెల్లో రాసివ్వాలి. ఆ కాగితం పట్టుకుని యజమాని ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే, ఊహ మీద యంత్రాలు మార్చే ఖర్చు తప్పుతుంది. ఇప్పటి రుసుము బండి పుట్టిన ఏడాదిని బట్టే పెరుగుతోంది. ఏటా కొలతల్లో నెగ్గి చూపిన బండికి ఆ రుసుములో కొంతైనా తగ్గిస్తే, డబ్బు జరిమానాగా పోకుండా వైరింగులోకి వెళ్తుంది. కొలతల్లో ఓడిన బండిని తుక్కుకు పంపమని అడిగే హక్కు కూడా ప్రభుత్వానికి అప్పుడు గట్టిగా ఉంటుంది.